ఏడుపు సీన్ పదో టేక్ దాకా నిలవాలి, ఇంటిదాకా మాత్రం రాకూడదు

మీరు అడిగినవి మూడు. కొన్నేళ్లు పరిషత్తు నాటకాలు ఆడి ఇప్పుడు ఒక వెబ్ సిరీస్‌లో పెద్ద పాత్ర చేస్తున్నారు. తండ్రి చనిపోయిన సీన్‌లో మొదటి టేక్ బ్రహ్మాండంగా వచ్చింది, నాలుగో టేక్‌కి కళ్లు ఎండిపోయాయి. ఏడుపు కోసం నిరుడు పోయిన మీ నాయనమ్మను తలుచుకున్నారు, అప్పట్నుంచి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇక ప్రమోషన్ ఇంటర్వ్యూల్లో "ఆ సీన్ అంత బాగా ఎలా చేశారు?" అని అడిగితే ఎంతవరకు చెప్పాలో తెలియడం లేదు.

ఇవి మూడు సమస్యల్లా కనిపిస్తున్నాయి గానీ మూలం ఒక్కటే. ఆ సీన్‌ని పాత్ర చేసే పనులతో కాకుండా మీ సొంత దుఃఖంతో నడిపించారు. పనితో కట్టిన ఏడుపుని పనితో విప్పెయ్యొచ్చు. సొంత గాయంలోంచి తవ్వి తీసింది మాత్రం "కట్" అనగానే ఆగదు, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టింది డైరెక్టర్ "యాక్షన్" కాదు.

సొంత జ్ఞాపకం వాడటం తప్పని కాదు, దానికి పెద్ద చరిత్రే ఉంది. రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ తొలి రోజుల్లో భావ జ్ఞాపకం మీద, అంటే పాత సొంత అనుభవాన్ని తలుచుకుని భావం తెచ్చుకోవడం మీద, బాగా పనిచేశాడు. అమెరికాలో నటన గురువు లీ స్ట్రాస్‌బర్గ్ దాన్నే పట్టుకుని తన శిక్షణకు మూలస్తంభం చేసుకున్నాడు. కానీ 1934లో అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్ పారిస్‌లో స్టానిస్లావ్‌స్కీని స్వయంగా కలిసి, కొన్ని వారాలు ఆయన దగ్గర పనిచేసి, తిరిగొచ్చి చెప్పింది వేరు: నటుడికి ముందు కావాల్సింది పాత్ర ఉన్న పరిస్థితి, ఊహ, చేసే పని. స్టానిస్లావ్‌స్కీ తన చివరి ఏళ్లలో భౌతిక చర్యల మీదే ఎక్కువ ఆధారపడ్డాడు. ఇంకో సంగతి గమనించండి. జ్ఞాపకాన్నే నమ్ముకున్న స్ట్రాస్‌బర్గ్ కూడా కనీసం ఏడేళ్లు పాతబడిన జ్ఞాపకమే వాడమనేవాడు. మీ నాయనమ్మ పోయి ఏడాది. ఆ పద్ధతి లెక్కన చూసినా మీరు ముట్టుకోకూడనిదాన్నే ముట్టుకున్నారు.

మన నాట్యశాస్త్రం అశ్రువుని ఎనిమిది సాత్విక భావాల్లో ఒకటిగా చెప్పింది. సాత్వికం మనసులోంచి పుడుతుందని, మనసు ఒకచోట కుదురుకుంటేనే పుడుతుందని కూడా చెప్పింది. కుదురుకోవడం అంటే గుండెని పిండుకోవడం కాదు. ఇప్పుడు ఎదురుగా ఉన్నదాని మీద దృష్టి మొత్తం పెట్టడం. ఇంకా తేలిగ్గా తెలియాలంటే 1957లో వచ్చిన మాయాబజార్‌లో సావిత్రిని చూడండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ నడక, చూపు, భుజాల బరువు మొత్తం మారిపోతాయి, లోపల ఎస్.వి. రంగారావు ఉన్నట్టే ఉంటుంది. రాక్షసుడిగా బతికిన జ్ఞాపకం ఎవరికైనా ఎక్కడుంటుంది? అది గమనించి, ఒంట్లోకి ఎక్కించుకుని, పనిగా చేసింది. శోకం కూడా అలాగే వస్తుంది.

మీ సీన్‌కే వద్దాం. స్క్రిప్టులో ఇలాంటివి సాధారణంగా ఒకటిన్నర లైనులో ఉంటాయి: "కొడుకు లోపలికి వస్తాడు. తండ్రి శవాన్ని చూసి కుప్పకూలి ఏడుస్తాడు." ఆ లైను చదివి "నేను ఏడవాలి" అనుకుంటే అక్కడే పప్పులో కాలేసినట్టు. ఏడవడం పాత్రకి కావాల్సింది కాదు, వద్దన్నా దాని మీదికి తోసుకొచ్చేది. నిజంగా ఇంట్లో చావు జరిగినప్పుడు చూడండి, ప్రతి మనిషీ ఏడవకుండా ఉండటానికే ఏదో ఒక పని చేస్తుంటాడు. కుర్చీలు సర్దుతాడు, వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇమ్మంటాడు, ఫోన్ ఛార్జర్ వెతుకుతాడు. చూసేవాళ్లకి కన్నీళ్లు వచ్చేది మీ కన్నీళ్లు చూసి కాదు, మీరు వాటిని ఆపుకునే తంటా చూసి.

కాబట్టి ఆ ఒకటిన్నర లైనుని నాలుగైదు చిన్న పనులుగా విడగొట్టండి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతాడు. పక్కనే నాన్న చెప్పులు ఉన్నాయి, ఎడమది బోర్లాపడి. దాన్ని కాలితోనే సరిచేస్తాడు, అలవాటుగా. లోపలికి వచ్చి ముందు నాన్నని చూడడు, "అమ్మ ఏది?" అంటాడు. హాల్లో ఫ్రీజర్ బాక్స్ ఉంది, దాని మోటారు మోత వినిపిస్తోంది. దగ్గరికి వెళ్తే పైన గాజంతా చెమ్మ పట్టి ముఖం మసగ్గా ఉంది. అరచేత్తో ఆ చెమ్మ తుడుస్తాడు. ముఖం కనిపిస్తుంది. ముట్టుకోబోతాడు, వేళ్లకి గాజు తగులుతుంది. అంతే. ఏడుపు ఉండాల్సిన చోటు అదే, ఆ గాజు దగ్గర. అంతకు ముందు ఎక్కడ ఏడ్చినా సీన్ తొందరపడినట్టు ఉంటుంది.

ఈ పనులు డైరెక్టర్‌కి ముందురోజే చెప్పండి. సెట్‌లో హఠాత్తుగా చెప్పుల సంగతి తెస్తే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ దగ్గర చెప్పులు ఉండవు, కెమెరా కిందకి పెట్టి ఉండదు. ఒప్పుకోకపోతే బాధపడకండి. నాలుగింటిలో ఒకటి మిగిలినా చాలు, మిగతావి మీ ఆలోచనలో జరుగుతాయి.

నాలుగో టేక్‌కి ఎందుకు ఎండిపోయిందంటే, ఒకే తలపుని వరసగా పిలిస్తే మొద్దుబారుతుంది. పైగా మొదటి టేక్‌లో ఏడ్చాక ఒళ్లు తేలికపడిపోయింది, మళ్లీ ఆ ఒత్తిడి లేదు. రెండో టేక్ నుంచి మీరు పాత్ర నాన్నని చూడటం మానేసి మొదటి టేక్‌ని గుర్తుచేసుకుంటూ ఉంటారు. దీనికి విరుగుడు: పనులు అన్ని టేకుల్లో ఒకటే, చూసేది మాత్రం ప్రతిసారీ కొత్తది. ఈ టేక్‌లో గాజు తుడిచాక ఆయన గడ్డం చూడండి, ఎన్ని రోజులుగా గీసుకోలేదో. తర్వాతి టేక్‌లో చొక్కా పై గుండీ. ఆ తర్వాత ముక్కులో దూది. సిరీస్ మొత్తంలో ఆ శవంగా పడుకున్న పెద్దాయన మీకు చేసే గొప్ప సాయం ఇదే, చూడటానికి ఆయన దగ్గర ఎప్పుడూ ఇంకోటి ఉంటుంది. చేతి కదలిక మారదు కాబట్టి ఎడిటింగ్‌లో అతకడానికీ ఇబ్బంది రాదు.

ఊపిరి సంగతి చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. దుఃఖం గొంతులో మొదలవదు, ఊపిరి తెగడంలో మొదలవుతుంది. ఊపిరి మొత్తం బయటికి వదిలి రెండు మూడు సెకన్లు ఖాళీగా ఉండండి. తర్వాత ముక్కుతో ఒకే పీల్పుగా కాకుండా మూడు చిన్న కుదుపులుగా లోపలికి తీసుకోండి, ఛాతీ పైభాగంలోకి. దవడ వదులుగా ఉంచండి. నోరు కొంచెం తెరుచుకున్నాక నెమ్మదిగా వదలండి. నాలుగైదు సార్లకి కనుబొమలు, కింది పెదవి వాటంతట అవే స్పందించడం మొదలుపెడతాయి. షాట్‌కి ముందు నిమిషం లోపే చాలు, ఎక్కువ చేస్తే తల తిరుగుతుంది. ఉబ్బసం, గుండె ఇబ్బందులు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

గ్లిజరిన్ వాడటంలో నామోషీ ఏమీ లేదు, కానీ కంట్లో నేరుగా వేయనివ్వకండి. కళ్లు ఎర్రబడి తర్వాతి షాట్‌కి పనికిరాకుండా పోతాయి. ఇయర్ బడ్‌తో కింది రెప్ప బయటి అంచున, చెంప మీద పెట్టించుకోండి. మెంథాల్ స్టిక్ అయితే కంటికి అర అంగుళం కింద పలచగా రాస్తే ఆవిరికే నీళ్లు తిరుగుతాయి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని ఉంటే రెండూ వద్దు. అసలు మోసం పట్టుబడేది చెంప మీద కాదు, గొంతులో. నిజంగా ఏడిస్తే కన్నీళ్లు లోపల ముక్కులోకీ దిగుతాయి, ముక్కు దిబ్బడేస్తుంది. అప్పుడు న, మ సరిగ్గా పలకవు. మన ఏడుపు సీన్లలో ఎక్కువగా వచ్చే మాటలు "నాన్న", "అమ్మ". ముక్కు పట్టేసిన మనిషి "అమ్మ" అంటే సగం "అబ్బ" లాగా వినిపిస్తుంది. చెంప తడిసి, "అమ్మ" మాత్రం స్టూడియోలో పలికినంత స్వచ్ఛంగా ఉంటే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. ఆ దిబ్బడ కొంచెం తెచ్చుకోండి, మాట అర్థమయ్యేంత వరకే.

సెట్‌లో శక్తిని ఎలా దాచుకోవాలో నాటకం నేర్పదు, ఎందుకంటే అక్కడ రాత్రికి ఒక్కసారే ఆడతాం. ఇక్కడ పొద్దున్నే కో-డైరెక్టర్‌ని అడగాల్సిన మాట ఒకటుంది: "షాట్ ఆర్డర్ ఏంటి?" మామూలుగా మాస్టర్ (సీన్ మొత్తం దూరం నుంచి తీసే షాట్), తర్వాత సజెషన్లు (ఎదుటివాళ్ల భుజం మీదుగా తీసేవి), చివర్లో క్లోజ్ (ముఖం దగ్గరగా). మాస్టర్‌కీ మీ క్లోజ్‌కీ మధ్య లైటింగ్ మార్చడానికే గంట, రెండు గంటలు పట్టొచ్చు. మాస్టర్‌లో మీ కళ్లు గింజంత కనిపిస్తాయి. అక్కడే అంతా పోసేస్తే క్లోజ్‌కి మిగిలేది గ్లిజరినే. మాస్టర్‌లో పనులు కచ్చితంగా, భావం సగం. మానిటర్ రిహార్సల్‌లో ఇంకా తక్కువ, పోజిషన్ల కోసమే. మొదటి టేకే మీకు బలం అని తెలిస్తే క్లోజ్ ముందు తీయగలరేమో అని మర్యాదగా అడగండి. లైటింగ్ కుదిరితే చాలామంది డైరెక్టర్లు ఒప్పుకుంటారు. కుదరదంటే వాదించొద్దు.

క్లోజ్‌లో రెండు జాగ్రత్తలు. ఎదుటి నటుడి రెండు కళ్లనూ మార్చి మార్చి చూస్తే స్క్రీన్ మీద మీ గుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. కెమెరాకి దగ్గరగా ఉన్న కంటినే చూడండి. రెండోది, 85 ఎం.ఎం. లెన్స్ పెట్టి అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరిచినప్పుడు మీటరున్నర దూరంలో ఫోకస్ నిలిచే లోతు మూడు నాలుగు సెంటీమీటర్లే. స్టేజీ మీద లాగా దుఃఖంతో ముందుకి వాలితే అద్భుతమైన టేక్ కాస్తా అవుట్ ఫోకస్ అవుతుంది. వాలాలనుకుంటే ఎక్కడ వాలతారో ఫోకస్ పుల్లర్‌కి (షాట్‌లో ఫోకస్ సరిచేసే అసిస్టెంట్‌కి) ముందే చూపించండి. ఇక ఏ చెంప మీద కన్నీరు జారిందో, ఏ చేత్తో గాజు తుడిచారో మీరే గుర్తుపెట్టుకోండి. కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ కుర్రాడి మీద వదిలేయొద్దు, అతనికి అప్పటికే ఇరవై పనులు ఉంటాయి.

డైలాగ్ గురించి మీరు అడగలేదు గానీ "యాంత్రికంగా వస్తోంది" అని ఒకచోట రాశారు. అది కంఠస్థం చేసే తీరులో వచ్చిన తప్పు. మాడ్యులేషన్‌తో, అంటే గొంతు ఎత్తుపల్లాలతో కలిపి బట్టీ పడితే మాటతో పాటు పాట కూడా గడ్డకట్టేస్తుంది. సాదాగా, ఏ భావమూ లేకుండా, బట్టలు మడతపెడుతూనో గిన్నెలు తోముతూనో అప్పజెప్పుకోండి. ఎదుటివాళ్ల డైలాగ్ చివరి మాటలు కూడా కలిపి నేర్చుకోండి. చేతులు వేరే పనిలో ఉన్నా మాట తడబడకపోతే అది వచ్చినట్టు. తర్వాత సెట్‌లో ఎలా పలకాలన్నది ఎదుటివాడు నిర్ణయించనివ్వండి. ప్రాంప్టింగ్‌కి (పక్కనుంచి డైలాగ్ అందించడానికి) అలవాటు పడొద్దు. ప్రాంప్ట్ వింటున్న క్షణంలో కళ్లు ఖాళీ అయిపోతాయి, క్లోజ్‌లో అది దాగదు. సింక్ సౌండ్ అయితే, అంటే షూటింగ్‌లోనే గొంతు రికార్డు చేస్తుంటే, ప్రాంప్టింగ్‌కి అసలు వీలే లేదు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "నాన్న నిన్న రాత్రంతా నీకోసం వీధి గుమ్మంలోనే కూర్చున్నాడు" అన్నప్పుడు ఏం జరిగిందో తెలిసేది ఆఖరి మాటతో. ఏడుపులో ఊపిరి చాలక సరిగ్గా ఆ ఆఖరి మాటే జారిపోతుంది. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, "కూర్చున్నాడు" కాస్తా "కూర్చున్నా" అయిపోతే అర్థమే మారిపోతుంది, కూర్చున్నది నాన్న కాదు, ఆ మాట అంటున్న మనిషే అవుతాడు. అందుకని ఊపిరి "నీకోసం" తర్వాత తీసుకోండి, క్రియకి ముందు కాదు. పద్యనాటకం ఆడినవాళ్లకి దీనికి విరుద్ధమైన ఇబ్బంది, ఆఖరి అచ్చుని సాగదీస్తారు. మైకు మూడడుగుల్లో ఉందని, వెనక వరసలో ఎవరూ లేరని గుర్తుచేసుకుంటే చాలు.

డబ్బింగ్ ఉంటే ఆ సీన్ ఒకరోజు సెషన్‌లో చివర పెట్టించుకోండి, గొంతు బొంగురుపోతే మిగతా సీన్లు పాడవుతాయి. షూటింగ్‌లో వంగి మాట్లాడి ఉంటే మైకు ముందు కూడా వంగే పలకండి. షూటింగ్‌లో రికార్డయిన పైలట్ ట్రాక్ ఒక చెవిలో ఉంచుకుని, మాటలకంటే ముందు ఊపిరులు పట్టుకోండి. ఊపిరి కలిస్తే పెదాలు అవే కలుస్తాయి.

ఇప్పుడు ఇంటికి వచ్చే సంగతి. చిలీ దేశపు శాస్త్రవేత్త సుసానా బ్లోక్ ఊపిరి, భంగిమ, ముఖ కండరాల ద్వారా భావాలు తెప్పించే పద్ధతిని తయారుచేసింది. దానిలో విలువైన సంగతి ఏంటంటే, భావంలోంచి బయటికి రావడాన్ని కూడా అభ్యాసంలో భాగంగా పెట్టింది. మీరు ఇది నేర్చుకోండి. ఆ రోజు చివరి "కట్" తర్వాత నిటారుగా నిలబడి కనీసం మూడుసార్లు నిండా, సమానంగా ఊపిరి తీసి వదలండి. ముఖం మొత్తం అరచేతులతో రుద్దుకోండి, నుదురు, దవడ మూలలు. చేతులు పైకి చాచి దులపండి, నిలుచున్న తీరు మార్చండి. సాగదీసిన కండరం సడలకపోతే మనసుకి "అయిపోయింది" అన్న కబురు అందదు. తర్వాత ఆ రోజు ఎదుట నటించినవాళ్లని, ముఖ్యంగా శవంగా పడుకున్న పెద్దాయనని, సొంత పేరుతో పలకరించి రెండు మామూలు మాటలు మాట్లాడండి. భోజనం చేశారా అని అడిగినా చాలు. ఆయన లేచి కూర్చుని పెరుగన్నం తింటున్నాడని మీ కళ్లు చూడాలి. కాస్ట్యూమ్ మీ చేత్తో మీరే మడిచి ఇవ్వండి. పాత్ర ఉంగరం, వాచీ లాంటివి ఇంటికి తీసుకెళ్లొద్దు. నాట్యం చేసేవాళ్లు గజ్జెలు విప్పి కళ్లకద్దుకుని పక్కన పెడతారు చూడండి, అందులో భక్తితో పాటు ఈ ఉపయోగమూ ఉంది: ఇక్కడితో ఇది ఆగింది అని ఒంటికి చెప్పడం.

ఇంట్లోవాళ్లకి పాత్ర గురించి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, "ఈ వారం ఇలాంటి సీన్లు ఉన్నాయి, వచ్చాక అరగంట నన్ను వదిలేయండి" అని. ఆ అరగంట ఫోన్‌తో కాకుండా స్నానంతో గడపండి. పాత్రలో ఉన్నాను కాబట్టి చిరాకు పడతాను అనడం మాత్రం నటన కాదు, ఇంట్లోవాళ్ల మీద దౌర్జన్యం.

అయితే మీ విషయంలో ఇవి చేసినా సరిపోకపోవచ్చు, ఎందుకంటే నిద్ర పట్టనివ్వనిది పాత్ర కాదు, నాయనమ్మ. ఆవిడ కోసం మీరు సరిగ్గా ఏడ్చారో లేదో నాకు తెలియదు, షాట్ కోసం ఏడ్చింది మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఇంట్లోవాళ్లతో కూర్చుని ఆవిడ గురించి మాట్లాడండి, కెమెరా లేకుండా. నిద్రలేమి రెండు వారాలు దాటితే మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంటర్వ్యూలకి వస్తే, మాట్లాడేముందు మనసులో మూడు కుప్పలు పోసుకోండి. పని గురించినవి ఎంతైనా చెప్పొచ్చు: చెప్పులు, గాజు, ఊపిరి, ఎన్ని టేకులు. మీ సొంతవి మీ ఇష్టం, కానీ ఒకసారి చెప్తే వెనక్కి రావు. మూడో కుప్ప వేరేవాళ్లవి. భార్య, పిల్లలు, అన్నదమ్ముల గొడవలు, పోయినవాళ్ల ఆఖరి రోజులు. అవి మీ నోట్లో ఉన్నా మీవి కావు, అడగకుండా చెప్పకూడదు. నాయనమ్మ కథ ఒక ఇంటర్వ్యూలో చెప్పారనుకోండి, నలభై నిమిషాల్లోంచి ఆ పదిహేను సెకన్లే కత్తిరించి థంబ్‌నెయిల్ పెడతారు. తర్వాతి ప్రతి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. నాలుగోసారి చెప్పేటప్పటికి అందులో మాటలు మిగులుతాయి గానీ నాయనమ్మ మిగలదు. మీ నాన్నగారు ఆ వీడియో వాట్సాప్‌లో చూస్తారు.

కెమెరా ముందు కూర్చున్నాక "ఇది ఆఫ్ ది రికార్డ్" అన్న మాటకి విలువ లేదు, మైకు తీశాకే మాట్లాడండి. హోమ్ టూర్లు అడిగితే వీధి, అపార్ట్‌మెంట్ పేరు, పిల్లల స్కూలు యూనిఫాం కనిపిస్తాయి, ఒప్పుకోకపోవడమే మేలు. తర్వాతి అగ్రిమెంట్ సంతకం పెట్టేటప్పుడు ప్రమోషన్ క్లాజు చదివి, ఎన్ని రోజులు, ఏ రకం కార్యక్రమాలు అన్నది రాయించుకోండి. కుటుంబ సభ్యులు పాల్గొనరు అన్న ఒక్క లైను కూడా చేర్పించండి.

అడిగినప్పుడు నీళ్లు నమలకుండా ఒక జవాబు సిద్ధంగా పెట్టుకోండి. "ఆ గాజు మీద చెమ్మ తుడిచే ఆలోచన మీద చాలా పనిచేశామండీ, టీమ్ మొత్తం" అని చెప్పి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఆ చెమ్మని టేక్ టేక్‌కీ ఎలా పట్టించిందో వివరించండి. అది నిజం, వినేవాళ్లకి ఆసక్తిగా ఉంటుంది, ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ల పేరూ ఒకసారి వినిపిస్తుంది. మళ్లీ తిప్పి అడిగితే "అది మా ఇంటి సంగతండీ" అని నవ్వుతూ చెప్పి ఆగిపోండి. ఆగాక వచ్చే మౌనాన్ని మీరు నింపొద్దు, యాంకరే నింపుకుంటారు.